లిస్టులో లిస్టు, అందులో ఇంకో లిస్టు: కామా దగ్గర కోస్తే అన్నీ ముక్కలైపోతున్నాయి

నీలిఅల · శుక్రవారం రాత్రి 9:48

అందరికీ నమస్కారం. బీటెక్ మూడో సంవత్సరం, కాలేజీ వైజాగ్‌లోనే. సోమవారం ల్యాబ్‌లో చూపించాల్సిన ప్రోగ్రామ్ ఒకటి మూడు రోజులుగా నన్ను ఏడిపిస్తోంది.

ఒక టెక్స్ట్ ఫైల్ ఇచ్చారు. లైన్‌కి ఒక లిస్టు. అందులో సంఖ్యలు ఉండొచ్చు, లిస్టులు ఉండొచ్చు, ఆ లిస్టుల్లో మళ్లీ లిస్టులు. ఖాళీ లిస్టు కూడా రావచ్చు. రెండేసి లైన్లు ఒక జత. ప్రతి జతలో పైది చిన్నదో కిందిది చిన్నదో చెప్పాలి. పోల్చడానికి వేరే రూల్స్ ఉన్నాయి కానీ నేను అక్కడిదాకా వెళ్లనే లేదు. అసలు చదవడమే అవట్లేదు.

లైన్ ఇలా ఉంటుంది:

[3,[1,4],[],7]

నేను కామా దగ్గర స్ప్లిట్ చేశాను. వచ్చినవి ఇవీ:

[3
[1
4]
[]
7]

ఇందులో ఉండాల్సినవి నాలుగు. నాకు ఐదు ముక్కలొచ్చాయి, వాటిలో నాలుగు విరిగిపోయినవే. బ్రాకెట్లు తీసేసి స్ప్లిట్ చేస్తే సంఖ్యలు బానే వస్తున్నాయి గానీ ఏది ఎవరి లోపల ఉందో తెలియట్లేదు. భాష పైథాన్. రెడీమేడ్‌గా చదివిపెట్టే ఫంక్షన్లు వాడొద్దని సార్ ముందే చెప్పేశారు.

---

ఒక్కలైన్ వీరుడు · 9:55

ఇంతదానికి మూడు రోజులా! ఈవాల్‌కి ఇచ్చెయ్. ఒక్క లైన్. లిస్టు చేతికొస్తుంది, హాయిగా పడుకోవచ్చు.

---

నీలిఅల · 9:57

వాడకూడదన్నారు అన్నా. చివరి లైన్‌లో రాశాను.

---

ఒక్కలైన్ వీరుడు · 9:58

చివరి లైన్ దాకా చదివే అలవాటు లేదు. సారీ.

---

ఉప్పుచేప · 10:10

సార్ వద్దనకపోయినా ఈవాల్ వద్దు. దానికి లిస్టూ తెలియదు, గిస్టూ తెలియదు. ఇచ్చిన అక్షరాల్ని ప్రోగ్రామ్ అనుకుని నడిపించేస్తుంది, అంతే.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట, పేరు అనవసరం, కస్టమర్లు పంపే ఫైళ్లను ఈవాల్‌తోనే చదివేవాళ్లం. రెండేళ్లు ఏమీ కాలేదు. ఒకరోజు టెస్టింగ్‌లో ఉన్న కుర్రాడు సరదాకి లిస్టు రాయాల్సిన చోట ఫోల్డర్ చెరిపే కమాండ్ రాసి పంపాడు. టీ తాగి వచ్చేసరికి ఫోల్డర్ లేదు. అది టెస్ట్ సర్వర్ కాబట్టి నవ్వుకున్నాం. అదే అసలు సర్వర్ అయ్యుంటే ఈ కథ ఇంత తీరిగ్గా చెప్పేదాన్ని కాదు.

ఉద్యోగంలో ఇలాంటి లైన్ వస్తే జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) లైబ్రరీకి ఇచ్చి ముందుకెళ్లిపో. నువ్వు రాసిన లైన్ ఉన్నదున్నట్టుగా చెల్లుబాటయ్యే జేసన్. లేదంటే పైథాన్‌లోనే లిటరల్ ఈవాల్ ఉంది, అది డేటాని మాత్రమే ఒప్పుకుంటుంది, కమాండ్లని నడపదు. ల్యాబ్‌లో మాత్రం చేత్తోనే రాయి. అక్కడ లిస్టు చేతికి రావడం ముఖ్యం కాదు, అది ఎలా వస్తుందో నీకు తెలియాలని కదా ఇచ్చింది.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · 10:24

తమ్ముడూ, నీ లైన్‌లో ఉన్న కామాలన్నీ ఒక్కటి కావు. తేడా అంతా అక్కడే ఉంది.

[3,[1,4],[],7]

ఇందులో కామాలు నాలుగు. 1కీ 4కీ మధ్య ఉన్నది లోపలి లిస్టు సొంతం. బయటి లిస్టుకి దాంతో పనే లేదు. మిగతా మూడే బయటివి. మూడు చోట్ల కోస్తే నాలుగు ముక్కలు. నీకు కావాల్సింది కూడా నాలుగే.

ఏది ఎవరి కామా అని తెలియాలంటే ఒక లెక్క పెట్టుకో. పేరు లోతు. సున్నాతో మొదలుపెట్టు. '[' కనిపిస్తే ఒకటి పెంచు, ']' కనిపిస్తే ఒకటి తగ్గించు. కామా వచ్చినప్పుడు లోతు 1 ఉంటేనే కొయ్యి. 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే వదిలెయ్. లైన్ మొదటి '[' నీ, చివరి ']' నీ ముక్కల్లోకి రానివ్వకు. వచ్చిన ముక్కల్లో '[' తో మొదలయ్యేవాటిని మళ్లీ ఇదే ఫంక్షన్‌కి పంపు.

ఇలా చేస్తే పని అయిపోతుంది. కాకపోతే లోతుగా ఉన్న అక్షరాన్ని పొరకి ఒకసారి చొప్పున మళ్లీ మళ్లీ చదువుతుంది. ల్యాబ్ ఫైల్‌కి పర్వాలేదు. ముందు ఇది రాసి చూడు, తర్వాత మంచిది మాట్లాడుకుందాం.

---

నీలిఅల · 10:31

థాంక్యూ అన్నా. తమ్ముడు కాదు, చెల్లి.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · 10:32

అయ్యో. సరే చెల్లీ.

---

రెజెక్స్ బాబాయ్ · 10:41

లెక్కలెందుకు, మంచి రెజెక్స్ (వెతకాల్సిన అక్షరాలు ఎలా ఉండాలో చెప్పే నమూనా) ఒకటి రాస్తే పోలా? '[' తో మొదలై ']' తో ముగిసేదాన్ని పట్టుకో అంటే పట్టుకుంటుంది.

---

ఉప్పుచేప · 10:49

ఏ ']' తో ముగిసేదాన్ని బాబాయ్? ఆశపోతు రెజెక్స్ అయితే లైన్ చివరి ']' దాకా లాగేస్తుంది. పొదుపుదైతే మొట్టమొదట కనిపించిన ']' దగ్గర ఆగిపోతుంది. మనకి కావాల్సింది దానికి జతగా ఉన్న ']'. ఆ జత ఎక్కడుందో తెలియాలంటే లెక్క పెట్టాలి, మామూలు రెజెక్స్‌కి లెక్క రాదు. దానికి ఉన్నవి పరిమితమైన స్థితులు. లోతుకి హద్దు చెప్పకపోతే దాని వల్ల కాదు. భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1956లో భాషల్ని మెట్లు మెట్లుగా విడదీసినప్పుడే ఇది తేలిపోయింది. జతబ్రాకెట్లు దాని పై మెట్టులో ఉంటాయి.

పెర్ల్ తరహా ఇంజిన్లలో రెజెక్స్ తనని తాను పిలుచుకునే ఏర్పాటు ఉంది, ఒప్పుకుంటాను. పైథాన్‌తో పాటు వచ్చే రెజెక్స్ మాడ్యూల్‌లో అది లేదు.

---

రెజెక్స్ బాబాయ్ · 11:06

సరే, ఒక మెట్టు దిగుతాను. కానీ రెజెక్స్‌ని లూప్‌లో పెడితే? లోపల బ్రాకెట్లేవీ లేని లిస్టుని పట్టుకోవడం రెజెక్స్‌కి తేలికే. దాన్ని పక్కన దాచి, ఆ చోట ఒక గుర్తు పెడతాను.

[3,[1,4],[],7]
[3,#1,#2,7]
#3

మొదటి రౌండ్‌లో [1,4] పోయి #1 అయింది, ఖాళీ లిస్టు #2 అయింది. రెండో రౌండ్‌లో మిగిలిందంతా #3. లోపలి నుంచి బయటికి వచ్చేశాను. ఇప్పుడేమంటావ్?

---

ఉప్పుచేప · 11:09

ఇది పనిచేస్తుంది. ఒప్పుకోక తప్పదు. ఎన్ని పొరలుంటే అన్ని రౌండ్లు కాబట్టి నిదానం, అంతే.

---

రైల్వేకాలనీ మాస్టారు · శనివారం ఉదయం 6:12

అమ్మాయ్, రాత్రి చర్చంతా ఇప్పుడే చదివాను. పిల్లలకి ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కంప్యూటర్లు రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దమనసుతో దిద్దండి.

మన విశాఖపట్నం స్టేషన్ సంగతి గుర్తు చేసుకో. విజయవాడ వైపు నుంచి కోరమండల్ వస్తుంది. హౌరా వెళ్లాలంటే మన స్టేషన్‌లోంచి నేరుగా ముందుకి దారి లేదు. ఇంజిన్ విప్పి రెండో చివర తగిలిస్తారు. బండి వచ్చిన వైపుకే బయల్దేరుతుంది. వచ్చేటప్పుడు అన్నిటికంటే చివర ఉన్న పెట్టె వెళ్లేటప్పుడు అన్నిటికంటే ముందుంటుంది. తెలియనివాళ్లు సీట్లో కంగారుగా లేచి, బండి వెనక్కి పోతోందేంటండీ అని అడుగుతారు. నేను కొన్ని వందలమందికి సమాధానం చెప్పుంటాను.

చివర లోపలికి వెళ్లింది ముందు బయటికి రావడం. దీన్నే మీరు స్టాక్ అంటారు. బ్రాకెట్లకి కూడా ఇదే పద్ధతి. చివర తెరిచిన '[' నే ముందు మూయాలి. మధ్యలో ఇంకోదాన్ని మూయడానికి వీల్లేదు. అందుకని తెరిచినప్పుడల్లా ఒక కొత్త లిస్టుని స్టాక్ మీద పెట్టు. మూసినప్పుడల్లా పైనున్న లిస్టుని తీసి, దాని కింద ఉన్న లిస్టు చివర చేర్చు. కింద ఏదీ లేకపోతే అదే నీ జవాబు.

ఈ రైలు పోలిక నా సొంతం అనుకునేరు. గణిత సమాసాల్ని చదవడానికి డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో రాసిన పద్ధతికి షంటింగ్ యార్డ్ అనే పేరు. పెట్టెల్ని పక్క పట్టాల మీదకి తోసి మళ్లీ లాగినట్టు ఉంటుందని అలా పెట్టారు. మా క్వార్టర్స్ కిటికీలోంచి రోజూ చూసినదానికి అంత పెద్ద పేరుందని నాకు అరవై దాటాక తెలిసింది.

---

లంకెలపాలెం లాంబ్డా · 8:40

మాస్టారూ, పోలిక అదిరింది. ఒక చిన్న చేర్పు. దీనికి స్టాక్ అనే పేరు స్థిరపడకముందు జర్మనీలో బావర్, సామెల్సన్ అనే ఇద్దరు 1957లో ఇదే ఆలోచనకి పేటెంట్ దరఖాస్తు చేశారు. వాళ్లు పెట్టిన పేరు కెల్లర్. అంటే నేలమాళిగ.

నీలిఅలకి ఇంకో దారి చెప్తాను. స్టాక్ నువ్వే పెట్టుకోనక్కర్లేదు. 'ఒక వస్తువు చదువు' అని ఫంక్షన్ రాయి. అంకె కనిపిస్తే సంఖ్య చదివి ఇస్తుంది. '[' కనిపిస్తే ']' వచ్చేదాకా తనని తానే పిలుచుకుంటుంది. పిలుపుల్ని గుర్తుపెట్టుకోవడానికి భాష లోపల ఎలాగూ ఒక స్టాక్ ఉంటుంది కదా, ఆ పని అది చూసుకుంటుంది. ఒక్కటి మర్చిపోవద్దు. ఫంక్షన్ తిరిగి వచ్చేటప్పుడు చదివిన వస్తువుతో పాటు ఎంతవరకు చదివిందో ఆ స్థానం కూడా తేవాలి. అది తేకపోతే లోపలి లిస్టుని బయటివాడు మొదటినుంచీ మళ్లీ చదువుతాడు.

1958లో జాన్ మెకార్తీ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టినప్పటి నుంచీ లిస్టులో లిస్టు చదవడం అనేది భాషలు రాసేవాళ్ల మొదటి పాఠం. అక్కడ ప్రోగ్రామే బ్రాకెట్లలో ఉంటుంది, అవి గుండ్రంగా ఉంటాయంతే.

---

నీలిఅల · 11:35

మాస్టారూ మీకు చాలా థాంక్స్. మా ఇల్లు గోపాలపట్నం, రైళ్లు చూస్తూనే పెరిగాను, ఒక్కసారి కూడా ఇలా తట్టలేదు.

స్టాక్‌తో రాశాను:

'[' వస్తే కొత్త లిస్టు స్టాక్ మీదకి
అంకె వస్తే పైనున్న లిస్టులో చేర్చు
',' వస్తే ఏమీ చేయకు
']' వస్తే పైది తీసి కిందిదాంట్లో చేర్చు

శాంపిల్‌లో ఇచ్చిన ఎనిమిది లైన్లూ కరెక్ట్‌గా వచ్చాయి. ఎగిరి గంతేశాను. పెద్ద ఫైల్ పెడితే మాత్రం సార్ ఇచ్చిన లెక్క రావట్లేదు. పోల్చే భాగం కూడా రాసేశాను కాబట్టి తప్పు చదవడంలో ఉందో పోల్చడంలో ఉందో తెలియక జుట్టు పీక్కుంటున్నాను.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · 12:20

ఇప్పుడే లేచాను. పోల్చేది పక్కన పెట్టు. చదివిన లిస్టుని మళ్లీ టెక్స్ట్‌గా మార్చి, ఖాళీలు తీసేసి, అసలు లైన్ పక్కన పెట్టి చూడు. రెండూ అచ్చుగుద్దినట్టు ఉండాలి. తేడా వచ్చిన మొదటి లైన్ ఇక్కడ పెట్టు.

---

నీలిఅల · 12:41

మూడో లైన్‌లోనే దొరికింది.

ఫైల్‌లో ఉన్నది: [[10],[7,[0]]]
నాకు వచ్చింది: [[1,0],[7,[0]]]

10 ని ఒకటి, సున్నా అని విడివిడిగా చేర్చేస్తున్నాను. శాంపిల్‌లో అన్నీ ఒక్క అంకె సంఖ్యలే!

---

ఒక్కలైన్ వీరుడు · 12:44

హహహ. 2022 డిసెంబర్ 13 గుర్తొచ్చింది. డిసెంబర్‌లో రోజుకో ప్రోగ్రామింగ్ పజిల్ ఇచ్చే అడ్వెంట్ ఆఫ్ కోడ్‌లో ఆ రోజు పజిల్ అచ్చం ఇలాంటిదే. మనకి పొద్దున్న పదిన్నరకి వస్తుంది, సరిగ్గా ఆఫీసులో స్టాండప్ మీటింగ్ టైమ్‌కి. అక్కడా శాంపిల్‌లో 10 ఉండదు, అసలు ఇన్‌పుట్‌లో ఉంటుంది. కెమెరా ఆఫ్ చేసి మీటింగ్‌లో కూర్చుని అరగంట వెతికాను.

దానికి నేనొక చిట్కా చూశాను. లైన్‌లో 10 ఉన్న చోటల్లా ':' పెట్టేయడం. అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 9 నంబరు 57, ':' నంబరు 58. అంటే ':' అనేది 9 తర్వాతి అంకెలా ప్రవర్తిస్తుంది. ఇక ప్రతి సంఖ్యా ఒక్క అక్షరమే, బాధ లేదు.

---

ఉప్పుచేప · 12:52

పదకొండు వస్తే?

---

ఒక్కలైన్ వీరుడు · 12:53

దేవుడున్నాడు.

---

నీలిఅల · 12:55

నా ఫైల్‌లో 27 కూడా ఉంది అన్నా.

---

నీలిఅల · మధ్యాహ్నం 2:30

అంకె రాగానే చేర్చకుండా ఆపాను. 'సంఖ్య' అనే వేరియబుల్ సున్నాతో మొదలుపెట్టి, అంకె వచ్చినప్పుడల్లా పదితో గుణించి కలుపుతున్నాను. కామా వచ్చినప్పుడు లిస్టులో చేర్చి మళ్లీ సున్నా చేస్తున్నాను. 10 సరిగ్గా వస్తోంది. కానీ ఇప్పుడు [5,[6]] ఇస్తే 6 మాయమవుతోంది. ఒకటి బాగుచేస్తే ఇంకోటి చెడుతోంది. టెన్షన్‌గా ఉంది.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · 2:38

6 తర్వాత కామా లేదు కదా చెల్లీ, ']' ఉంది. లిస్టులో చివరి సంఖ్యకి ఎప్పుడూ కామా ఉండదు. ']' దగ్గర కూడా చేర్చు, ఆ తర్వాతే స్టాక్ నుంచి తియ్యి.

---

నీలిఅల · 3:05

చేశాను. ఇప్పుడు [[],7] ఇస్తే [[0],0,7] వస్తోంది. ఎవరూ రాయని సున్నాలు ఎక్కడినుంచి పుట్టుకొస్తున్నాయి?

సంఖ్య సున్నా అయితే చేర్చొద్దు అని షరతు పెట్టాను. అవి పోయాయి. వాటితో పాటు [7,[0]] లోని అసలు సున్నా కూడా పోయింది.

---

రైల్వేకాలనీ మాస్టారు · 3:22

అమ్మాయ్, ఇది క్లాసులో ప్రతి ఏడూ చూసే తప్పే. పరీక్షలో సున్నా మార్కులు వచ్చినవాడూ, అసలు పరీక్షకే రానివాడూ ఒకటేనా? రిజిస్టర్‌లో ఒకడికి సున్నా వేస్తాం, రెండోవాడికి ఆబ్సెంట్ అని రాస్తాం. నీ వేరియబుల్‌లో రెండింటికీ సున్నాయే రాస్తున్నావు. ఖాళీ లిస్టు మూసినప్పుడు అక్కడ సంఖ్య ఏదీ రాలేదు, అయినా నీ రిజిస్టర్‌లో సున్నా కనిపిస్తోంది. లోపలి లిస్టు మూశాక వచ్చిన కామా దగ్గరా అంతే.

---

ఉప్పుచేప · 3:30

మాస్టారు చెప్పిందే. పైథాన్‌లో దానికి 'నన్' ఉంది. సంఖ్యని నన్‌తో మొదలుపెట్టు, చేర్చాక మళ్లీ నన్ చెయ్. షరతు రాసేటప్పుడు జాగ్రత్త. ఉత్తినే 'సంఖ్య ఉంటే' అని రాస్తే పైథాన్ సున్నాని కూడా లేనట్టే లెక్కేస్తుంది, మళ్లీ మొదటికొస్తావ్. 'నన్ కాకపోతే' అని స్పష్టంగా రాయి.

---

నీలిఅల · సాయంత్రం 4:10

ఫైల్‌లో ఉన్న లైన్లన్నీ తిరిగి అచ్చు అలాగే వస్తున్నాయి. ఒక్క తేడా లేదు!! చదవడం అయిపోయింది.

లెక్క ఇంకా తప్పే. అంటే పోల్చడంలో కూడా ఏదో ఉంది. రూల్స్ ఇవీ: రెండూ సంఖ్యలైతే చిన్నది ముందు. రెండూ లిస్టులైతే ఒక్కో జత పోల్చుకుంటూ పోవాలి, తేలకుండా ఒకటి ముందే అయిపోతే అదే చిన్నది. ఒకటి సంఖ్య, ఇంకోటి లిస్టు అయితే సంఖ్యని ఒంటరి లిస్టుగా చుట్టి పోల్చాలి.

ఇది తప్పొస్తోంది:

[4,[5]]
[[4],5,1]

పైది చిన్నది కావాలి. నా ప్రోగ్రామ్ కాదంటోంది.

---

లంకెలపాలెం లాంబ్డా · 4:25

నీ ఫంక్షన్ ఏం తిరిగిస్తోంది? అవును, కాదు అని రెండేనా?

---

నీలిఅల · 4:26

అవును.

---

లంకెలపాలెం లాంబ్డా · 4:40

అదే మరి. చేత్తో నడిపి చూడు. మొదటి జత 4, [4]. చుట్టాక [4], [4]. లోపల 4, 4. చిన్నదా అంటే కాదు. నువ్వు ఆ 'కాదు' పట్టుకుని వెంటనే బయటికొచ్చేశావు. నిజానికి అక్కడ తేలింది ఏమీ లేదు, రెండూ సమానం, ఇంకా ముందుకెళ్లాలి. రెండో జత [5], 5 కూడా అంతే. అప్పుడు పైది అయిపోయింది, కిందిదాంట్లో 1 మిగిలింది. కాబట్టి పైది చిన్నది.

జవాబులు మూడుండాలి. చిన్నదైతే -1, సమానమైతే 0, పెద్దదైతే 1. 0 వచ్చినంతసేపూ తర్వాతి జతకి వెళ్లు.

మూడు జవాబులు పెట్టుకుంటే ఇంకో లాభం ఉంది. రేపు సార్ అన్ని లైన్లనీ వరసలో పేర్చమంటే కొత్తగా రాయాల్సింది ఏమీ ఉండదు. పైథాన్ 2లో సార్ట్‌కి ఇలాంటి ఫంక్షన్‌ని నేరుగా ఇచ్చేవాళ్లం. 3లో తీసేశారు. పైథాన్‌తోనే వచ్చే ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లో దాన్ని సార్ట్ ఒప్పుకునే కీగా మార్చే ఫంక్షన్ ఉంది, అందులో చుట్టి ఇస్తే చాలు.

---

నీలిఅల · 5:02

వచ్చేసింది!!! లెక్క సరిపోయింది. అమ్మ వంటింట్లోంచి ఏమైందే అని పరిగెత్తుకొచ్చింది.

---

రెజెక్స్ బాబాయ్ · 5:15

శుభం. ఆర్కే బీచ్‌కి వెళ్లి ముంత మసాలా తినాల్సిన సందర్భం.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · ఆదివారం తెల్లవారుజాము 3:50

డ్యూటీలో ఖాళీ దొరికి నాకో దురద పుట్టింది. లక్ష '[' లు, లక్ష ']' లు వరసగా పెట్టి ఒక లైన్ తయారుచేశాను. మూడు రకాలుగా చదివించాను.

లాంబ్డా చెప్పిన తనని తాను పిలుచుకునే ఫంక్షన్ వెయ్యి లోతు దగ్గర చేతులెత్తేసింది. పైథాన్‌లో మామూలుగా పెట్టిన హద్దు అదే. ఈవాల్ కూడా బ్రాకెట్లు మరీ ఎక్కువయ్యాయని తిప్పికొట్టింది. మాస్టారి స్టాక్ పద్ధతి మాత్రం లక్షా చదివేసింది, చప్పుడు లేదు. సంతోషంగా ప్రింట్ చేయబోతే పైథాన్ పడిపోయింది. చదివింది మన స్టాక్‌తో, కానీ ప్రింట్ చేయడానికి పైథాన్ లోపల మళ్లీ ఒక లిస్టులోకి ఒకటి దిగుతూ పోతుంది కదా!

---

లంకెలపాలెం లాంబ్డా · ఉదయం 9:30

నా పార్టీ ఓడిపోయింది, ఒప్పుకున్నాను. అయినా మనుషులు రాసే ఫైల్‌లో వెయ్యి లోతు ఎవరు చూశారు? 2017లో వచ్చిన జేసన్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 8259లోనే, ఎంత లోతు చదవాలనేదానికి ఎవరి హద్దు వాళ్లు పెట్టుకోవచ్చని రాశారు.

---

ఉప్పుచేప · 9:44

మనుషులు రాసే ఫైల్ కాదు సమస్య. కావాలని పడగొట్టడానికి పంపే ఫైల్. బయటి నుంచి వచ్చేదాన్ని చదివేటప్పుడు హద్దు నువ్వే పెట్టుకోవాలి, దాటితే మర్యాదగా వద్దనాలి.

నీలిఅలా, వైవాకి ఒక మాట. సార్లు సరైన ఇన్‌పుట్ ఇవ్వరు. [1,2 అని ముగింపు లేకుండా ఇస్తారు, [1]] అని ఒకటి ఎక్కువ ఇస్తారు, [1,,2] ఇస్తారు. ఇప్పుడే ఇచ్చి చూసుకో.

---

నీలిఅల · ఆదివారం మధ్యాహ్నం 1:15

చూశాను అక్కా. ముగింపు లేకపోతే లైన్ అయ్యాక స్టాక్‌లో ఇంకా లిస్టు మిగిలి ఉంటుంది, అది చూసి తప్పు అని చెప్తున్నాను. ఎక్కువైతే తీయడానికి స్టాక్ ఖాళీగా ఉంటుంది, అదీ పట్టుకున్నాను. [1,,2] ని మాత్రం నా ప్రోగ్రామ్ నవ్వుతూ [1,2] అని చదివేస్తోంది. కామా వచ్చినప్పుడు ముందు ఒక వస్తువు వచ్చి ఉండాలి అని ఇంకో గుర్తు పెట్టాను, ఇప్పుడు ఒప్పుకోవట్లేదు. ఖాళీలు ఉంటే ఇబ్బంది లేకుండా మొదట్లోనే లైన్‌లోని ఖాళీలన్నీ తీసేస్తున్నాను.

---

మధురవాడ నైట్‌షిఫ్ట్ · 1:40

బాగుంది. ఇక పడుకో, రేపు ఎలా జరిగిందో చెప్పు.

---

నీలిఅల · సోమవారం సాయంత్రం 5:20

సార్ ముప్ఫై సెకన్లలో పడగొట్టేశారు.

కీబోర్డ్ తీసుకుని [1 2] అని టైప్ చేశారు. కామా లేదు, మధ్యలో ఖాళీ. నా ప్రోగ్రామ్ [12] అంది. ఖాళీలన్నీ ముందే తీసేస్తున్నాను కదా, ఒకటీ రెండూ అతుక్కుని పన్నెండైపోయాయి.

---

ఉప్పుచేప · 5:31

అయ్యో! శనాదివారాలు మనందరం చూశాం, ఒక్కరికీ తట్టలేదు. నిన్న నువ్వు ఖాళీలు తీసేస్తున్నా అని రాసినప్పుడే నేను పట్టుకోవాల్సింది.

---

లంకెలపాలెం లాంబ్డా · 5:38

ఖాళీని తీసేయకూడదు, అది కూడా సంఖ్యని ముగించాలి. ఖాళీ రాగానే సంఖ్య ఉంటే లిస్టులో చేర్చెయ్. ఆ తర్వాత కామా రాకుండా ఇంకో అంకె గానీ '[' గానీ వస్తే తప్పు అని చెప్పు. నిన్న కామా కోసం పెట్టిన గుర్తే దీనికీ పనికొస్తుంది.

---

రైల్వేకాలనీ మాస్టారు · 5:50

మార్కులు వేశారా అమ్మా?

---

నీలిఅల · 6:05

వేశారు మాస్టారూ. మా బ్యాచ్‌లో బ్రాకెట్లు సరిచూసింది నేనొక్కదాన్నేనట. ఖాళీ సంగతి అక్కడే నిలబడి దిద్దేశాను, లాంబ్డా అన్న చెప్పినట్టే.

ఇప్పుడు కొత్త కష్టం. ప్రోగ్రామ్ మొత్తం రికార్డులో చేత్తో రాయాలి, ప్రింటవుట్ అంటించడానికి ఒప్పుకోరు. మూడో పేజీలో ఉన్నాను. శాంపిల్ లైన్లు రాస్తుంటే ఒకదాంట్లో ముగింపు బ్రాకెట్ ఒకటి తగ్గినట్టుంది, ఎక్కడ తగ్గిందో చూపుడు వేలు పెట్టుకుని లెక్కపెడుతున్నాను.

---

ఒక్కలైన్ వీరుడు · 6:07

తెరిస్తే ఒకటి పెంచు, మూస్తే ఒకటి తగ్గించు. ఈ థ్రెడ్ చివరిదాకా చదివాను, నమ్ము.